అక్షరానికి ఎలాంటి విశేషణం కావాలి?

చేతిరాతను మెచ్చుకోవాలంటే తెలుగువాళ్లకి ఒక మాట నోటి చివరే ఉంటుంది: ముత్యాల్లాంటి అక్షరాలు. చిరాకేస్తే కోడిగీతలు. ఈ రెండిటి మధ్యా ఎన్ని రకాల రాతలున్నాయో! వాటి గురించి నాలుగు ముక్కలు రాయాల్సి వస్తే మాత్రం మాట తడుముకుంటాం. పుస్తక సమీక్షల చివర్లో చూడండి. కథల గురించి, పాత్రల గురించి పేజీలకు పేజీలు ఓపిగ్గా రాసినవాళ్లు కూడా ముద్రణ దగ్గరికి వచ్చేసరికి "అక్షరాలు అందంగా, ఆకర్షణీయంగా ఉన్నాయి" అని ముగించేస్తారు. పుస్తకం చూడనివాళ్లకి ఆ వాక్యంతో తెలిసిందల్లా రాసినాయనకు నచ్చిందనే. అక్షరం లావా సన్నమా, నిటారుగా ఉందా ఒరిగిందా, తలకట్టు ఎంత పొడుగుంది, వత్తులు కింది పంక్తికి తగులుతున్నాయా, ఇవేవీ తెలియవు.

విజయవాడలో పుస్తకాలకు పేజీలు కట్టడం నా పని. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో కనబడే పుస్తకాలు, గాంధీనగర్ సినిమా ఆఫీసులకు వెళ్లే కరపత్రాలు, మాఘమాసం వస్తే శుభలేఖలు. రోజంతా అక్షరాల మధ్యే ఉంటాను కాబట్టి వాటి గురించి ఎవరేం మాట్లాడినా నా చెవి అటే పోతుంది. ఇన్నేళ్లుగా విన్నదాంట్లో నాకు గట్టిగా నాటుకున్న విషయం ఒకటుంది. అక్షరం గురించి రాసేటప్పుడు మన మెప్పును చెప్పే విశేషణం కంటే, ఆ అక్షరం రాసిన చెయ్యి ఎలా కదిలిందో చెప్పే విశేషణం ఎన్నో రెట్లు పనికొస్తుంది. అలాంటి విశేషణాలకు తెలుగులో కరువే లేదు. ఒరిగిన, కుంగిన, విచ్చుకున్న, మెలితిరిగిన, బిగుసుకున్న, ఎగదన్నిన, జారిన, చుట్టుకున్న. బళ్లో వ్యాకరణం చెప్పిన మాస్టారు వీటిని క్రియాజన్య విశేషణాలు అన్నారు. క్రియలోంచి పుట్టినవి కాబట్టి కదలిక వాటిలోనే ఉంటుంది. అక్షరం కూడా కదలికలోంచే పుడుతుంది. కలం ఎక్కడో మొదలై, ఎటో తిరిగి, ఎక్కడో ఆగితేనే కదా అక్షరం అయ్యేది. "సుందరమైన", "మనోహరమైన", "ఆకర్షణీయమైన" అనే మాటల్లో ఆ ప్రయాణం జాడ ఉండదు.

ఇది పండితులకు మాత్రమే చేతనయ్యే పని కాదు. ఒకసారి కూతురి పెళ్లికి శుభలేఖ వేయించుకోవడానికి గుంటూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. తెర మీద నాలుగైదు ఫాంట్లు చూపించాను. ఒకదాని దగ్గర ఆగి, "ఇది కాదమ్మాయ్, ఇందులో అక్షరాలన్నీ తల దించుకున్నట్టున్నాయి. తలకట్లు అట్టా పైకి లేచుండాల. కొమ్ములు కిందికి జారుండాల. ఎక్కడా ఇరుకుండకూడదు" అన్నారు. అంటూ గాల్లో చేత్తో తలకట్టు గీసి చూపించారు. ఆయన చెప్పింది ఎంత స్పష్టంగా ఉందంటే, ఆ మూడు మాటలు పట్టుకుని ఫాంటు వెతకడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. లేచిన, జారిన, ఇరుకు లేని. అదే "కొంచెం గ్రాండ్‌గా పెట్టండి" అన్నవాళ్ల పని సాయంత్రం దాకా తేలదు.

మన లిపి గురించి అందరూ వాడే విశేషణం ఇంకొకటుంది: గుండ్రని. తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉంటాయని చిన్నప్పటి నుంచీ వింటాం. తాటాకు మీద గంటంతో అడ్డగీతలు గీస్తే ఆకు చీలిపోతుందనీ, అందుకే దక్షిణాది లిపులు వంపులు తిరిగాయనీ కారణం కూడా చెబుతారు. ఉండొచ్చు. కానీ ఆ మాట దగ్గరే ఆగిపోతే అక్షరాలను చూడటం మానేసినట్టే. ఒక్కసారి తీరిగ్గా చూడండి. సున్న గుండ్రం. ర, ఠ దాదాపు గుండ్రం. మరి గ? అది కిందికి తెరుచుకున్న కమాను, మీద తలకట్టు. ప, ష, స, హ పైకి తెరుచుకున్న అక్షరాలు. ఆ తెరుచుకున్న నోటి మీద తలకట్టు అంటీ అంటకుండా నిలబడుతుంది. న దగ్గర గీత ఒక వైపు వంగి మళ్లీ ఇంకో వైపు తిరుగుతుంది. ల తలకట్టే లేకుండా తనంతట తాను చుట్టుకుంటుంది. వీటన్నిటినీ కలిపి "గుండ్రని" అనేస్తే వీటి మధ్య తేడా చెప్పడానికి ఇక మాటే మిగలదు. తెలుగు నేర్చుకునే పిల్లలకు కావాల్సింది సరిగ్గా ఆ తేడానే. మూసిన, తెరిచిన, చుట్టిన, వంగిన అనే నాలుగు మాటలు ఆ ఒక్క "గుండ్రని" కంటే ఎంతో పని చేస్తాయి.

వ, మ సంగతే చూడండి. వ పక్కన మామూలు చోట కొమ్ము తగిలిస్తే అది మ లాగే కనబడుతుంది. అందుకే "వు" రాసేటప్పుడు కొమ్మును పక్కన నిలబెట్టం, కిందికి దించి వేలాడదీస్తాం. పు కూడా అంతే. ఈ సంగతి తెలియని చేతిలో "నవు", "నమ" ఒకటే అయిపోతాయి. ఇప్పుడు ఒక చేతిరాత గురించి "కొమ్ములు వేలాడుతున్న రాత" అని రాస్తే, అది చదవడానికి తేలికైన రాత అని కూడా చెప్పినట్టే. చక్కని రాత అంటే ఆ సమాచారం రాదు.

తలకట్టు గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే తెలుగు అక్షరానికి దాని ముఖకవళిక అక్కడే ఉంటుంది. హల్లులో ఉన్న "అ"కు గుర్తు తలకట్టు. గుడి పడినా, ఏత్వం పడినా అది తప్పుకుని చోటిస్తుంది. క కి తలకట్టు ఉంది, కి కి లేదు. ఖ, జ, ట, ణ, బ, ల లాంటి వాటికి అసలే లేదు. అంటే ఏ పేజీ తెరిచినా కొన్ని అక్షరాల మీద తలకట్టు ఉంటుంది, కొన్నిటి మీద ఉండదు, మధ్యలో గుళ్లు, ఏత్వాలు. ఆ పై అంచు ఎలా నడుస్తోందో దాన్ని బట్టే పేజీ కళ మారిపోతుంది. పొట్టి తలకట్టు వేరు, పొడుగు తలకట్టు వేరు. అక్షరానికి అతుక్కున్నది వేరు, విడిపడి తేలుతున్నది వేరు. కుడివైపు విసిరినట్టుండే తలకట్టు వేరు, నిలువుగా గుచ్చినట్టుండేది వేరు. బాపు చేతిరాతను తెలుగువాళ్లు దూరం నుంచే గుర్తుపడతారు. గుర్తుపట్టి, "ఏముందండీ ఆ అక్షరాలు!" అని ఆగిపోతారు. అక్కడ ఆగకుండా ఇంకొక వాక్యం రాస్తే మాట దొరుకుతుంది. విసిరిన గీతలు అవి. వేగం కనబడుతుంది. దిద్దినట్టు ఉండవు. అలవోకగా ఉన్నాయనే మెప్పు ఎందుకొచ్చిందో ఈ మాటలు చెబుతాయి.

ఈ పనిని ఎంతో నిష్ఠగా చేసినవాళ్లు శాసనాలు చదివే పండితులు. వాళ్లకు మెచ్చుకోవాల్సిన అవసరం లేదు, గుర్తుపట్టాల్సిన అవసరం ఉంది. భట్టిప్రోలు చూడండి. మొన్నమొన్నటిదాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. 1892లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రియా అక్కడి బౌద్ధ స్తూపాన్ని తవ్వితే రాతి భరిణెలు బయటపడ్డాయి. వాటి మీది రాత బ్రాహ్మీ, మన లిపులకు మూలమైన పాత లిపి. దాన్ని జర్మన్ పండితుడు బ్యూలర్ చదివి 1894లో ప్రచురించాడు. అక్కడి మ అశోకుడి శాసనాల్లోని మ కు తలకిందులుగా ఉంటుంది. మామూలు బ్రాహ్మిలో హల్లులోని "అ"కు గుర్తేమీ ఉండదు, భట్టిప్రోలులో దానికి కూడా పైన ఒక అడ్డగీత ఉంటుంది. దీర్ఘానికి వేరే గుర్తు. "తలకిందులైన మ" అనే ఆ ఒక్క విశేషణం మీద, అలాంటి ఇంకొన్నిటి మీద, భట్టిప్రోలు లిపి విడిగా ఒక పేరు తెచ్చుకుని నిలబడింది. ఆ మాటల స్థానంలో "అపురూపమైన అక్షరాలు" అని రాసి ఉంటే మన చేతికి ఏం మిగిలేది?

హైదరాబాదు రోడ్డు మీద వచ్చే జగ్గయ్యపేట దగ్గర కూడా ఒక బౌద్ధ స్తూపం ఉండేది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలం నాటి శాసనాలు అక్కడ దొరికాయి, 3వ శతాబ్దివి. నాగార్జునకొండ శాసనాలదీ అదే కుదురు. ఆ అక్షరాల నిలువుగీతలు కిందికి సాగిపోయి, కొసన వంపు తిరుగుతాయి. పంక్తి కింద ఆ తోకలే ముందుగా కంట పడతాయి. చదవడానికి అంత పొడుగు అక్కర్లేదు. చెక్కినవాడు ఇష్టపడి సాగదీశాడు. "అలంకారప్రాయమైన లిపి" అని పుస్తకాల్లో రాస్తారు. అది నిజమే కానీ చాలదు. "నిలువుగా సాగి, కొసన వంగిన" అని రాస్తే, శాసనం ఎన్నడూ చూడని ఇంటర్ పిల్లాడు కూడా కాగితం మీద దాదాపు సరిగ్గా గీసి చూపించగలడు. విశేషణం పాసయిందో లేదో చూడటానికి నేను పెట్టుకున్న పరీక్ష ఇదే. చదివినవాళ్లు ఆ మాటను పట్టుకుని ఎంతో కొంత గీయగలగాలి.

ఇంద్రకీలాద్రి దగ్గర మల్లేశ్వరాలయంలో ఉన్న తూర్పు చాళుక్య రాజు యుద్ధమల్లుడి శాసనస్తంభం గురించి రాసే వ్యాసాలన్నిటిలోనూ "ప్రాచీనమైన", "అమూల్యమైన" కనబడతాయి. 10వ శతాబ్ది, తెలుగులో మధ్యాక్కర అనే ఛందస్సులో పద్యాలు, నిజంగానే అమూల్యం. కానీ ఆ విశేషణాలు రాయి వయసును, మన గౌరవాన్ని చెప్పాయి. రాతి మీది అక్షరాన్ని చెప్పలేదు. బెజవాడ వాళ్లం కొండెక్కి దణ్ణం పెట్టుకుని వస్తాం, మన ఊరి పద్యం ఏ ఆకారంలో చెక్కి ఉందో ఇంట్లో పిల్లలకు చెప్పలేం. నాకు ఇది బాధగా ఉంటుంది.

మనసుకు తోచే విశేషణాలు వద్దనడం లేదు. హుందా, గంభీరం, చిలిపి, దిగులు, ఇవన్నీ అక్షరాల్లో నిజంగానే కనబడతాయి. నేను అడిగేది క్రమం. ముందు కంటికి కనబడింది, తర్వాత మనసుకు తోచింది. "ఈ అక్షరాలు హుందాగా ఉన్నాయి" అని మొదలుపెడితే చదివేవాళ్లు నమ్మాలి, అంతే. "గీత మందం మొదటి నుంచి చివరిదాకా మారదు, తలకట్టు పొట్టిగా కుదురుగా కూర్చుంది, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఊపిరాడుతుంది, అందుకే హుందాగా ఉన్నాయి" అంటే చదివేవాళ్లు ఒప్పుకోవచ్చు, కాదనీ అనొచ్చు. కాదనడానికి చోటిచ్చిన విశేషణమే గౌరవమైనది. ఒక అక్షరానికి రెండు విశేషణాలు చాలు కూడా. మూడోది తగిలించామంటే మొదటి రెండిటి మీద మనకే నమ్మకం లేదని అర్థం.

ఇక కంప్యూటర్ ఫాంట్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ మాటలన్నీ రోమన్ లిపి నుంచి వచ్చినవి: బోల్డ్, లైట్, ఇటాలిక్, సెరిఫ్. బోల్డ్‌కు లావు అనే మాట ఉంది, వాడుకలోనూ ఉంది, పేచీ లేదు. ఇటాలిక్‌తో మాత్రం నాకు పేచీ ఉంది. రోమన్ లిపిలో ఇటాలిక్ అంటే ఒట్టి ఒరగడం కాదు. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ వేసిన చిన్న సైజు పుస్తకాలతో అది ముద్రణలో నిలదొక్కుకుంది. ఆనాటి ఇటలీ పండితుల చేతిరాతకు అది అచ్చురూపం. అందుకే అందులో కొన్ని అక్షరాల ఆకారమే వేరు. తెలుగులో మనం ఇటాలిక్ బటన్ నొక్కితే జరిగేదేమిటి? నిలబడ్డ అక్షరాన్ని యంత్రం పక్కకు తోస్తుంది. సున్న కోడిగుడ్డులా సాగి, వత్తులు ఒక పక్కకు జారి, గుడి మీద బరువు తప్పుతుంది. దాన్ని నేను "ఒరిగిన" అనను, "తోసిన" అంటాను. ఒరిగిన అక్షరం రాసిన చేతివాటంలో ఉంటుంది.

మనకు ఇటాలిక్‌తో పోల్చదగ్గ రాత ఉండేది. గొలుసుకట్టు. కరణాలు, దస్తావేజులు రాసేవాళ్లు కలం ఎత్తకుండా అక్షరాన్ని అక్షరానికి కలుపుతూ పోయేవాళ్లు. పాత ఆస్తి కాగితాలు బయటికి తీసినవాళ్లందరికీ ఆ రాత పరిచయమే. తలకట్టు ఒక అక్షరం నుంచి లేచి పక్క అక్షరంలోకి దిగిపోతుంది, మాటకూ మాటకూ ఎడం ఉండదు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక అది రాసేవాళ్లే కాదు, చదివేవాళ్లూ తగ్గిపోతూ వచ్చారు. ఎప్పుడైనా ఎవరైనా తెలుగుకు నిజమైన ఇటాలిక్ తయారుచేయాలనుకుంటే వెళ్లాల్సింది ఆ దస్తూరి దగ్గరికి. అప్పుడు వాళ్లకు కావాల్సింది "పాతకాలపు అందమైన రాత" అనే వర్ణన కాదు. ఏ అక్షరం దేనితో కలుస్తుంది, కలిసేటప్పుడు ఏది కుంగుతుంది, ఏది లేస్తుంది, ఇది కావాలి.

మంచి ఫాంట్లు లేవని కాదు. తిరుమల కృష్ణ దేశికాచారి తయారుచేసిన పోతన, వేమన రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే విశేషణాలు వాటంతట అవే వస్తాయి. పోతనలో గీత లావుసన్నాలు మారుతూ నడుస్తుంది. వేమనలో ఒకే మందంతో పోతుంది. రామభద్ర లావుగా, ఒత్తుగా ఉంటుంది కాబట్టి శీర్షికకు బాగుంటుంది, కథంతా అందులో వేస్తే కళ్లు లాగుతాయి. ఒక ఫాంటును మెచ్చుకునేటప్పుడు ఏ సైజులో, ఎక్కడ, దేనికి వాడితే బాగుందో కూడా చెప్పాలి. "రాష్ట్రం" అనే మాటలో ష కింద రెండు వత్తులు వేలాడాలి. పంక్తుల మధ్య ఎడం తగ్గించిన పుస్తకంలో ఆ వత్తులు కింది పంక్తి గుళ్లను ఢీకొంటాయి. అలాంటి పేజీకి "కిక్కిరిసిన" అనే మాట ఉంది. సమీక్షకులు దాన్ని మొహమాటపడకుండా వాడాలి. వాడితే వచ్చే ముద్రణలో ప్రచురణకర్త ఎడం పెంచుతాడు.

పిల్లల దగ్గర ఈ మాటల అవసరం ఇంకా ఎక్కువ. చూచిరాత పుస్తకం దిద్దుతూ "రాత బాగోలేదు" అని ఎర్ర సిరాతో రాస్తే ఆ పిల్లకు అది తీర్పు. ఏం చేయాలో తెలియదు. మరుసటి రోజు అలాగే రాస్తుంది, మళ్లీ అదే తీర్పు. "నీ తలకట్లు అక్షరాన్ని వదిలి ఎగిరిపోతున్నాయి, దగ్గరికి తే", "నీ ధ కింద గీత పడటం లేదు, ద లాగే ఉంది", "నీ గుడులు మూసుకోవడం లేదు" అంటే ఆ పిల్ల చేతికి పని దొరికినట్టే. ముత్యాల పోలిక ఇక్కడ హాని కూడా చేస్తుందని నా నమ్మకం. ముత్యాలన్నీ ఒకేలా ఉంటాయి. చేతిరాతలు ఒకేలా ఉండాల్సిన అవసరం లేదు. ఎడమవైపు ఒరిగిన రాత, పొడుగ్గా సాగిన రాత, బొద్దుగా కూర్చున్న రాత, అన్నీ చదవదగ్గవే. ఒక్క ముత్యాల కొలతతో కొలిస్తే వీటిలో చాలా వాటికి సున్నా మార్కులు పడతాయి. ఆ పిల్లలు రాతంటేనే భయపడతారు.

వన్‌టౌన్ సందుల్లో చేత్తో రాసిన బోర్డులు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. ఎనామెల్ రంగుతో, వెడల్పాటి బ్రష్షుతో రాసినవి. వాటిలో "శ్రీ" దగ్గర ఆగి చూడండి. బోర్డు రాసే ఆర్టిస్టు తన ముద్ర వేసేది అక్కడే. క్రావడి, అంటే ర వత్తు, శ కింద నుంచి బయల్దేరి ఎడమవైపుకి చుట్టుకుని పైకి లేస్తుంది. చెయ్యి తిరిగిన ఆర్టిస్టు దాన్ని అక్కడితో ఆపడు, దుకాణం పేరు మొత్తాన్ని మోస్తున్నట్టు కిందుగా లాగుతాడు. బ్రష్షు తిప్పిన చోట గీత సన్నబడుతుంది, దిగిన చోట లావెక్కుతుంది. దగ్గరికి వెళ్తే రంగు రెండోపూత పడిన అంచు కూడా తెలుస్తుంది. పక్క దుకాణానికి ఫ్లెక్సీ ఉంటుంది. చోటు నింపడానికి అక్షరాలను కంప్యూటర్లో అడ్డంగా లాగి ఉంటారు. అలా లాగినప్పుడు నిలువుగీతలు లావెక్కుతాయి, అడ్డగీతలు ఉన్నంతలోనే ఉంటాయి, సున్న చదునైపోతుంది. రెండిటినీ చూసి "పెద్ద అక్షరాలు" అనొచ్చు, రెండూ పెద్దవే. ఒకటి సాగిన అక్షరం, రెండోది లాగిన అక్షరం అంటే మాత్రం తేడా దొరుకుతుంది.

ఈ బోర్డులు ఎక్కువ కాలం ఉండవు. దుకాణం చేతులు మారినప్పుడల్లా ఒకటి పోతోంది. ఫోన్లో ఫొటో తీసేవాళ్లు ఉన్నారు, సంతోషం. కానీ ఫొటో కింద "సూపర్ లెటరింగ్" అని రాసి వదిలేస్తున్నారు. రేపు తెలుగులో ఒక కొత్త ఫాంటు గీయబోయే అమ్మాయో అబ్బాయో వెతుక్కునేటప్పుడు ఆ మాటతో ఏమీ దొరకదు. మీ వీధిలో అలాంటి బోర్డు ఉంటే, ఫొటోతో పాటు మూడు వాక్యాలు కూడా రాసి పెట్టండి. తలకట్టు ఎటు తిరిగింది, కొమ్ము ఎంతదాకా దిగింది, క్రావడి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది.